బండి ముందా, పెండ్లి ముందా

పరకాలలో మోటర్ సైకిల్ చరిత్ర చెప్పాలంటే కంపెనీల పేర్లతో మొదలుపెట్టి లాభం లేదు. వరపూజతో మొదలుపెట్టాలి. జంపఖానా మీద రెండు వైపుల పెద్దలు కూచుని నగదు, తులాల బంగారం తేల్చుకున్నాక పిల్లగాడి మేనమామ గొంతు సవరించుకుని, "మరి బండి సంగతేంది బావా?" అనేవాడు. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. ఆ జంపఖానా దాకా మాత్రం ఎన్నడూ రాలేదు. మా ఊరికీ, చుట్టుపక్కల శాయంపేట, రేగొండ, మొగుళ్లపల్లి ఊళ్లకూ బండ్లు ఎక్కువగా అట్లా వచ్చినవే. కాగితాలు చాలాసార్లు మామ పేరు మీదే ఉండిపోయేవి.

నేను షెడ్డులో పానాలు అందించే పిల్లగాడిగా చేరిన కాలానికి వరపూజలో వినపడే పేరు రాజ్‌దూత్. పోలండు నమూనా మీద ఎస్కార్ట్స్ కంపెనీ 1962లో తెచ్చిన బండి. కిక్కు సరిగ్గా కొట్టకపోతే తిరిగి తన్నేది. పెట్రోలులో ఆయిలు కొలిచి కలపాలి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే సైలెన్సర్ నిండా మసి. దాని మీద పాల క్యాన్లు పోయేవి, యూరియా బస్తాలు పోయేవి. ఆదివారం నాడు ట్యాంకు మీద ఒక పిల్ల, వెనక భార్య, ఆమె ఒళ్లో ఇంకో పిల్ల. బుల్లెట్ వేరే లెక్క. అది ఎస్సైకో, సారా కాంట్రాక్టరుకో ఉండేది. చప్పుడు దూరం నుంచి వినగానే జనం పక్కకు జరిగేవారు, బండికి భయపడి కాదు.

ఆ రోజుల్లో బండి చేతికొచ్చేసరికే మనిషి సంసారి. వేగంగా పోవాలన్న బుద్ధి పుట్టకముందే వెనక సీటు నిండిపోయేది. మా కాలంలో ఎంత పద్ధతిగా నడిపేవాళ్లమో అని పెద్దలు ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు. అందులో వాళ్ల ఘనత నాకేమీ కనపడదు. బండి పోయేది కాదు, రోడ్డు పోనిచ్చేది కాదు, వెనక కూచున్నామె ఊరుకునేది కాదు. చీకటి పడితే అసలు తీసేవాళ్లే తక్కువ. దారిలో అన్నలు (నక్సలైట్లు) ఆపవచ్చు, పోలీసులు ఆపవచ్చు. ఇద్దరూ అడిగేది ఒకటే: "ఎవల బండి? ఎక్కడికి పోతున్నవ్?"

1985లో రెండు బండ్లు దిగాయి. ఒకటి హీరో హోండా సీడీ 100. నాలుగు స్ట్రోకులది, పెట్రోలు వాసన చూస్తే చాలు పోతుందని పేరు. అది నేరుగా వరపూజలోకి పోయి రాజ్‌దూత్ స్థానంలో కూచుంది. రెండోది అదే ఎస్కార్ట్స్ వాళ్లు జపానుతో కలిసి తెచ్చిన యమహా ఆర్ఎక్స్ 100. ఇంజను 98 సీసీ, బలం 11 గుర్రాలు, బరువు వంద కిలోలకు అటూ ఇటూ. మూడో గేరు పడేలోపే ముందు చక్రం లేచే బండి. దీన్ని అల్లుడికిచ్చిన మామలు తక్కువ. వరపూజ దాకా ఆగని వాళ్లు కొనుక్కున్నారు: కాంట్రాక్టర్ల కొడుకులు, పత్తి వ్యాపారుల కొడుకులు, భూపాలపల్లి గనులు తెరుచుకున్నాక సింగరేణి జీతాల ఇండ్ల పిల్లలు. మా దగ్గర పెండ్లి కన్నా ముందు బండి రావడం వీళ్లతోనే మొదలైంది.

యమహా సైలెన్సర్ వెనక చివర చిన్న బోల్టు ఉంటుంది. అది విప్పి శ్రావణంతో లాగితే లోపలి నుంచి రంధ్రాల గొట్టం ఒకటి బయటికి వస్తుంది, తారు పూసినట్టు నల్లగా, జిడ్డుగా. దాన్ని అప్పుడప్పుడు మంటలో ఎర్రగా కాల్చి, మసి రాలగొట్టి మళ్లీ పెట్టాలి. పోరగాళ్లు కాల్చమని రాలేదు. "అన్నా, అది పీకి పారేయరాదే" అని వచ్చేవారు. పీకితే శబ్దం పెరుగుతుంది, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఒక్కడూ నమ్మలేదు. చెవికి వేగంగా వినపడితే చాలు వాళ్లకు. పందెం పరకాల నుంచి గూడెప్పాడ్ క్రాస్‌రోడ్డు దాకా. ఓడినవాడు చాయ్ తాగించాలి. మేడారం జాతర ఏడు వస్తే ఒక్కో బండి మీద ముగ్గురేసి, అడవి దారిలో దుమ్ము లేపుకుంటూ పోయేవారు.

పరకాల మామూలు ఊరు కాదు. 1947 సెప్టెంబరు 2న మువ్వన్నెల జెండాతో కదిలిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు తుపాకులు పేల్చిన ఊరు. అందులో చనిపోయినవాళ్ల గుర్తుగా 2003లో అమరధామం కట్టారు. షెడ్డు పక్క హోటల్లో కూచునే ఒక ముసలాయన యమహా పిల్లల్ని పిలిచి, "మా తోటోళ్లు జెండా పట్టుకొని తుపాకి ముందట నిలబడ్డరు. మీరు దేనికోసం చస్తర్రా?" అని అడిగాడు. "చాయ్ కోసం తాతా" అన్నాడొకడు. ముసలాయన కోపంగా చూసి, కాసేపటికి తనే నవ్వేశాడు.

వరపూజ బండ్లకు గండం వేరే వైపు నుంచి వచ్చింది. 1997-98లో పత్తిని లద్దెపురుగు తినేసింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు ఆ మందే తాగారు. ఆ ఏడు నా షెడ్డుకు రిపేరుకు వచ్చిన బండ్ల కన్నా బేరానికి వచ్చినవి ఎక్కువ. సీటు కవరు చిరగని హీరో హోండాలు. అమ్మాలంటే మామ సంతకం కావాలి. ఆ సంతకం కోసం అత్తగారి ఊరికి పోయి నిలబడలేక, సగం ధరకు కాగితాలు లేకుండానే ఇచ్చేసి నడిచిపోయిన మనిషి నాకు తెలుసు. బాధ్యత గురించి ఉపన్యాసం చెప్పేవాళ్లను చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు.

1996లో ఆర్ఎక్స్ 100 ఆగిపోయింది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ రెండు స్ట్రోకుల బండ్లే పోయాయి. 2001లో పల్సర్ వచ్చింది, దాని వెంట ఫైనాన్సు వచ్చింది. డౌన్ పేమెంట్ కడితే ఇంటర్ పిల్లగాడికీ బండి. ట్యాంకు మీద 'డాడ్స్ గిఫ్ట్' అని స్టిక్కర్. ఇచ్చేవాడు మామ పోయి నాన్న అయ్యాడు. కిస్తీ కట్టేది నాన్న, ఎక్కేది కొడుకు. గేర్ల బండికి పద్దెనిమిదేళ్లు నిండాలని చట్టం. మైనరు నడిపి దొరికితే తండ్రికే మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019లో సవరించారు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోతే అందులో 74,897 మంది రెండు చక్రాల మీద పోయినవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029. మా దగ్గర హెల్మెట్ ఎక్కువగా అద్దానికి వేలాడుతుంది. చెకింగ్ ఉందని ఫోన్ వస్తే తలకెక్కుతుంది.

ఊరు కదలలేదు గానీ జిల్లా మారింది: 2016లో వరంగల్ రూరల్, 2021లో హనుమకొండ. ప్లేటు మీద ఏపీ పోయి టీఎస్, 2024లో టీజీ వచ్చాయి. అందుకే ఏపీ 36 నంబరున్న యమహాకు ఇప్పుడు గిరాకీ. గూడెప్పాడ్ పందెంలో చాయ్ తాగినవాళ్లు యాభై దాటి, గడ్డివాములో తుప్పు పట్టిన ఆర్ఎక్స్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని వస్తున్నారు. కొడుకు పల్సర్ తాళం గుంజుకున్న మనిషే ఇక్కడ నికెల్ పాలిష్‌కు అడ్వాన్సు ఇస్తాడు. అసలు గొట్టం దొరికితే పెట్టమంటాడు, ఇంట్లో మనవరాలు పండుకుంటుందట. దొరకదు. డూప్లికేటు రెండు వానలకే తుప్పు పడుతుంది. బోరింగ్, కొత్త పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, పెయింటు కలిపితే కొత్త స్ప్లెండర్ ధరకు దగ్గర పడుతుందని ముందే చెబుతాను. ఎవరూ వెనక్కి తగ్గలేదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ కాగితం తెచ్చినవాడి ఇంజనే విప్పుతాను.