ప్రజ నుంచి దరఖాస్తుదారు వరకు: భారతీయుల బ్రిటన్ ప్రవేశ నిబంధనలు (1905-1987)

వ్యాససంగ్రహం:
భారతీయులు బ్రిటన్‌కు వెళ్లడానికి వీసా తప్పనిసరి అయినది 1986లో. అంతకు ముందు ఆ దేశపు తలుపులు తెరిచే ఉన్నాయనీ, ఆ సంవత్సరంలో ఒక్కసారిగా మూతపడ్డాయనీ ఒక సామాన్య అభిప్రాయం ఉంది. ఈ అభిప్రాయం చట్టాల అక్షరాన్ని మాత్రమే చూసి ఏర్పడినది. పాసుపోర్టు జారీ, హామీలు, వోచర్లు, ప్రవేశ ధ్రువపత్రాలు, ఇంటర్వ్యూలు అనే మెట్ల ద్వారా బ్రిటన్ సరిహద్దు చాలాకాలం భారతదేశంలోనే పనిచేసిందనీ, వీసా ఆ క్రమానికి ఆరంభం కాదు, పరిణామమనీ నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పాసుపోర్టు, వీసా, బ్రిటిష్ ప్రజ, కామన్‌వెల్త్, వలస చట్టాలు, ప్రయాణ స్వేచ్ఛ, కోకా సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం:
ఒక దేశంలోకి ఎవరు రావచ్చు అన్న ప్రశ్నకు సమాధానం ఆ దేశపు చట్టంలో దొరుకుతుందని సాధారణంగా భావిస్తాం. కాని ప్రయాణికుని అనుభవంలో సరిహద్దు రేవులోనో విమానాశ్రయంలోనో మొదలుకాదు. అది స్వగ్రామానికి దగ్గరలోని కార్యాలయంలో, దరఖాస్తు పత్రంలో, అడిగిన ధ్రువీకరణలో మొదలవుతుంది. కనుక గమ్యదేశపు చట్టాలను మాత్రమే చదివిన చరిత్ర సగం చరిత్రే అవుతుంది. బయలుదేరే చోట ఏం జరిగిందో కూడా పరిశీలించినప్పుడే మిగిలిన సగం తెలుస్తుంది. బ్రిటన్, భారతదేశాల మధ్య నడిచిన రాకపోకలు ఈ విషయానికి మంచి ఉదాహరణ.

2. పత్రాలు అడగని కాలం:
1895లో సరోజినీ చటోపాధ్యాయ (తరువాతి కాలంలో సరోజినీ నాయుడు) నిజాం ఉపకారవేతనంతో హైదరాబాదు నుంచి ఇంగ్లండుకు వెళ్లి లండన్ కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివారు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో విద్యార్థిగా ఉన్నారు. వీరు బ్రిటిష్ రేవులో దిగినప్పుడు ప్రవేశానుమతి పత్రం చూపవలసిన చట్టబద్ధమైన అవసరం లేదు. మద్రాసు రాజధానిలో పుట్టినవారు చట్టరీత్యా బ్రిటిష్ ప్రజలు. నిజాం రాజ్యపు ప్రజలు మాత్రం బ్రిటిష్ రక్షణలో ఉన్న వ్యక్తులుగా పరిగణింపబడేవారు. ఈ భేదం గ్రంథాలలో ఉన్నదే గాని, ఆనాటి రేవులో దాన్ని పరీక్షించే యంత్రాంగం లేదు.

బ్రిటన్‌లో ఆధునిక వలస నియంత్రణ 1905 నాటి విదేశీయుల చట్టంతో మొదలైంది. అది ప్రధానంగా తూర్పు ఐరోపా నుంచి వస్తున్న పేద యూదులను దృష్టిలో ఉంచుకొని చేసినది. బ్రిటిష్ ప్రజలకు అది వర్తించదు. ఆ విధంగా సామ్రాజ్యపు ప్రజ అన్న హోదా ప్రయాణ హక్కుగా కనిపించింది. అయితే ఆ హక్కు సామ్రాజ్యమంతటా ఒకే విధంగా చెల్లలేదు. స్వదేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా రావాలన్న కెనడా నిబంధన కారణంగా 1914లో 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరిన కోమగాటమారు నౌక వెనుదిరగవలసి వచ్చింది. నిబంధనలో జాతి ప్రస్తావన లేదు. కాని భారతదేశం నుంచి నేరుగా కెనడాకు నడిచే నౌకలు లేనప్పుడు దాని ఫలితం ఎవరిమీద పడుతుందో స్పష్టమే. పైకి అందరికీ సమానంగా కనిపించి, ఆచరణలో కొందరినే ఆపే ఈ పద్ధతి తరువాతి కాలంలో బ్రిటన్ చట్టాలలోనూ కనిపిస్తుంది.

3. పాసుపోర్టు: బయలుదేరే చోటనే కాపలా:
మొదటి ప్రపంచయుద్ధం పాసుపోర్టును అత్యవసర పరిస్థితి నుంచి నిత్యవ్యవహారంలోకి తెచ్చింది. యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనల కింద భారతదేశంలో పాసుపోర్టు నియమాలు వచ్చాయి. యుద్ధానంతరం 1920లో భారత పాసుపోర్టు చట్టం వెలువడింది. అదే సంవత్సరం నానాజాతి సమితి ఆధ్వర్యంలో పారిస్‌లో జరిగిన సమావేశం 32 పుటల పుస్తక రూపాన్ని పాసుపోర్టుకు ప్రమాణంగా సూచించింది.

1920 చట్టంలో గమనింపదగిన విశేషం ఒకటి ఉంది. అది భారతదేశంలోకి ప్రవేశించడాన్ని నియంత్రించినదే గాని, దేశం విడిచి వెళ్లడానికి పాసుపోర్టు ఉండాలని చెప్పలేదు. పాసుపోర్టు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి నిరాకరించవచ్చో కూడా చెప్పలేదు. అయినా పాసుపోర్టు లేనివారిని నౌకా సంస్థలు ఎక్కించుకోవు. అందువల్ల చట్టం ఇవ్వని నిషేధాధికారం అధికారుల విచక్షణ ద్వారా అమలైంది. హక్కు పేరుకు ఉన్నా దాన్ని వినియోగించుకోవడానికి కావలసిన పత్రం మాత్రం ప్రభుత్వ అనుగ్రహంపై ఆధారపడింది.

ఈ స్థితి పేదలకు మరింత కఠినమైంది. బ్రిటిష్ నౌకల్లో పనిచేసిన లస్కర్ల విషయం ఇందుకు నిదర్శనం. 1925లో బ్రిటన్ జారీ చేసిన ప్రత్యేక ఉత్తర్వు ‘వర్ణజాతి విదేశీ నావికులు’ పోలీసుల వద్ద నమోదు చేసుకోవాలని ఆదేశించింది. బ్రిటిష్ ప్రజలకు ఇది వర్తించకూడదు. కాని తాము బ్రిటిష్ ప్రజలమని నిరూపించే పాసుపోర్టు చాలామంది నావికుల వద్ద లేకపోవడంతో, వారు ఆచరణలో విదేశీయులుగా నమోదయ్యారు. హోదా పుట్టుకతో వచ్చినదైనా దాన్ని చూపే కాగితం లేకపోతే చెల్లదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

4. తెరిచిన తలుపు, మూసిన వాకిలి (1948-1962):
1948 బ్రిటిష్ జాతీయతా చట్టం 1949 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్వతంత్ర భారత పౌరులు కూడా కామన్‌వెల్త్ పౌరులుగా బ్రిటన్‌లో ప్రవేశించి, నివసించి, పనిచేసే హక్కు కలిగి ఉన్నారు. చట్టాన్ని మాత్రమే చదివితే ఇంతకంటె ఉదారమైన కాలం మరొకటి కనిపించదు.

అయితే 1950వ దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం తన చట్టం మార్చకుండానే రాకను తగ్గించే మార్గం వెదికింది. పాసుపోర్టుల జారీని కట్టుదిట్టం చేయవలసిందిగా భారత, పాకిస్తాన్ ప్రభుత్వాలను కోరింది. భారత ప్రభుత్వం సహకరించింది. విదేశాలలో తన పౌరులు దిక్కులేనివారై దేశానికి తలవంపులు తేకూడదన్న ఆలోచన కూడా అందులో ఉంది. చదువు, ఆర్థిక స్తోమత, హామీ వంటి అంశాలు పరిశీలనకు వచ్చాయి. ఫలితంగా పంజాబు నుంచి బ్రిటన్ కర్మాగారాలకు వెళ్లదలచిన రైతుబిడ్డకు అడ్డంకి ఎదురైనది లండన్‌లో కాదు, స్వదేశంలోనే. నకిలీ పాసుపోర్టుల వ్యాపారం పెరగడానికి కూడా ఈ పరిస్థితే దోహదం చేసింది.

ఈ అనధికార ఏర్పాటు సరిపోదని భావించిన బ్రిటన్ 1962లో కామన్‌వెల్త్ వలసదారుల చట్టం చేసింది. జులై 1 నుంచి ఉద్యోగార్థులకు వోచర్లు అవసరమయ్యాయి. నిర్దిష్టమైన ఉద్యోగం దొరికినవారికి ‘ఏ’, వైద్యులు, ఉపాధ్యాయులు, నర్సుల వంటి నైపుణ్యం గలవారికి ‘బి’, మిగిలినవారికి ‘సి’ వోచర్లు. హోంమంత్రి బట్లర్ 1961లో మంత్రివర్గానికి సమర్పించిన పత్రంలో, ఈ పథకం వర్ణవివక్ష లేనట్లుగా చూపదగినదైనా దాని నిరోధక ఫలితం దాదాపు పూర్తిగా వర్ణజాతుల మీదనే ఉండాలన్నది ఉద్దేశమని అంగీకరించాడు. ఐర్లండు నుంచి వచ్చేవారికి ఈ నియంత్రణ ఆచరణలో వర్తించలేదు. 1965 నాటి శ్వేతపత్రం ‘సి’ వోచర్లను రద్దు చేసి మొత్తం వోచర్లను ఏడాదికి 8,500కు పరిమితం చేసింది. అందులో 1,000 మాల్టాకు కేటాయించింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు 1962 చట్టాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన లేబర్ పార్టీయే ఈ శ్వేతపత్రాన్ని ప్రకటించిందన్నది గమనార్హం.

5. 1967-68: రెండు ఎదురు దిశలు:
1967 ఏప్రిల్ 10న భారత సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు చెప్పింది. పాసుపోర్టులను తిరిగి అప్పగించమని ప్రభుత్వం ఆదేశించగా, ఆ వ్యాపారవేత్త న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. ముగ్గురు, ఇద్దరుగా చీలిన ధర్మాసనంలో అధికసంఖ్యాకుల తరఫున తీర్పు రాసినవారు రాజమహేంద్రవరంలో జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. విదేశ ప్రయాణ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా కేవలం కార్యనిర్వాహక విచక్షణతో దాన్ని హరించడం చెల్లదనీ ఆయన నిర్ణయించారు. అదుపులేని విచక్షణ సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణానికి కూడా విరుద్ధమన్నారు. ఆ మరునాడే ఆయన పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేయడం అందరికీ గుర్తున్న విషయం. ప్రయాణ స్వేచ్ఛకు ఆయన చేసిన సేవ అంతగా గుర్తింపు పొందలేదు. ఈ తీర్పు కారణంగానే 1967 పాసుపోర్టుల చట్టం వచ్చింది. పాసుపోర్టు నిరాకరణకు కారణాలు, అప్పీలు మార్గం మొదటిసారి చట్టంలో నిర్దేశితమయ్యాయి. 1978లో మేనకాగాంధీ కేసు ఈ పునాదిపైనే నిలిచింది.

పది నెలలకే బ్రిటన్ ఎదురు దిశలో నడిచింది. కెన్యా ప్రభుత్వ విధానాల వల్ల ఆ దేశం విడుస్తున్న భారతీయ సంతతివారి చేతుల్లో బ్రిటిష్ పాసుపోర్టులే ఉన్నాయి. 1968 మార్చి 1న ఆమోదం పొందిన కొత్త చట్టం, పార్లమెంటులో కొద్ది రోజులలోనే ముగిసిన చర్చతో, బ్రిటన్‌లో పుట్టిన తల్లిదండ్రులో తాత అవ్వలో లేనివారిని ఆ పాసుపోర్టు ఉన్నా నియంత్రణ కిందికి తెచ్చింది. ఈ చట్టం జాతి వివక్షతో కూడి, బాధితులను అవమానించే వ్యవహారానికి దారితీసిందని ఐరోపా మానవ హక్కుల కమిషన్ 1973లో అభిప్రాయపడింది. ఈ రెండు పరిణామాలు ఒకదానికొకటి కారణాలని చెప్పడానికి వీలులేదు. కాని వాటిని పక్కపక్కన ఉంచి చూసినప్పుడు, పాసుపోర్టు పొందడం హక్కుగా మారుతున్న కాలంలోనే పాసుపోర్టు ప్రవేశానికి హామీ కాకుండా పోయిందని తెలుస్తుంది.

6. ప్రవేశ ధ్రువపత్రం నుంచి వీసా వరకు:
1969 వలస అప్పీళ్ల చట్టం కుటుంబసభ్యులకు ప్రవేశ ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది. ఇకపై భార్యాపిల్లలు ప్రయాణానికి ముందే స్వదేశంలోని బ్రిటిష్ కార్యాలయంలో సంబంధాన్ని నిరూపించుకోవాలి. కుటుంబ సభ్యులను విడివిడిగా ప్రశ్నించి, ఇంటి గదులు, బంధువుల వివరాలపై జవాబుల మధ్య తేడాలు కనిపిస్తే అబద్ధమని తేల్చడం అలవాటుగా మారింది. జనన నమోదు లేని పల్లెల పిల్లల వయసు తేల్చడానికి ఎముకల ఎక్స్‌రేలు కూడా తీయించారు. 1979 జనవరిలో వివాహం కోసం వచ్చిన ఒక భారతీయ మహిళకు హీత్రూలో కన్యాత్వ పరీక్ష చేసిన విషయం ఫిబ్రవరిలో పత్రికల ద్వారా బయటపడి రెండు దేశాలలోనూ ఆగ్రహం రేకెత్తించింది. ఇటువంటి పరీక్షలు భారతదేశంలోని బ్రిటిష్ కార్యాలయాలలో కూడా జరిగినట్లు అనంతర పరిశోధనలు వెల్లడించాయి. పత్రాలపై అపనమ్మకం శరీర పరీక్ష వరకు వెళ్లిందనడానికి ఇది తీవ్రమైన సాక్ష్యం.

1973 జనవరి 1న అమలైన 1971 చట్టం నివాస హక్కును బ్రిటన్‌తో వంశసంబంధానికి ముడిపెట్టింది. 1983లో అమలైన జాతీయతా చట్టంతో భారతీయులు ‘బ్రిటిష్ ప్రజ’ అన్న పేరును కూడా కోల్పోయారు. 1986 సెప్టెంబరులో హోంమంత్రి డగ్లస్ హర్డ్ భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నైజీరియా, ఘనా పౌరులకు వీసా విధిస్తున్నట్లు ప్రకటించారు. భారతీయులకు అది అక్టోబరు నుంచి అమలైంది. గడువుకు ముందే చేరుకోవాలని వచ్చిన ప్రయాణికులతో హీత్రూ కిక్కిరిసింది. మరుసటి సంవత్సరం చేసిన రవాణాదారుల బాధ్యతా చట్టం, సరైన పత్రాలు లేని ఒక్కొక్క ప్రయాణికునికి వెయ్యి పౌండ్ల జరిమానా విధించింది. దానితో విమానసంస్థ ఉద్యోగి కూడా సరిహద్దు కాపలాదారుడయ్యాడు. పాసుపోర్టు లేనివారిని నౌకా సంస్థలు ఎక్కించుకోని పాత పద్ధతే కొత్త రూపంలో తిరిగివచ్చింది.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేటపడుతున్నాయి. ఒకటి, 1986 నాటి వీసా అప్పటివరకు అదృశ్యంగా, చెదురుమదురుగా ఉన్న నియంత్రణను ఒకే పత్రంలోకి చేర్చింది. రెండు, నియంత్రణ ఎంత కాలం చట్టం వెలుపల నడిచిందో అంత కాలం దాన్ని ప్రశ్నించే అవకాశం కూడా లేదు. కోకా సుబ్బారావు తీర్పు విలువ అక్కడ ఉంది. ఆ తీర్పు పాసుపోర్టుపై ప్రభుత్వ అధికారాన్ని రద్దు చేయలేదు, కారణం చెప్పి తీరవలసిన స్థితికి తెచ్చింది. మూడు, నిరూపణ భారం క్రమంగా ప్రయాణికుని మీదికి మారింది. ఒకప్పుడు అడ్డుకోవడానికి ప్రభుత్వం కారణం చూపవలసి ఉండగా, ఇప్పుడు తాను తిరిగివస్తానని ప్రయాణికుడే నమ్మించవలసి ఉన్నది.

స్వదేశంలో పాసుపోర్టు నిరాకరణను ప్రశ్నించడానికి రాజ్యాంగం అండగా నిలుస్తుంది. పరాయి దేశపు వీసా నిరాకరణ ఎదుట ఆ అండ పనిచేయదు. ఇంగ్లండు వెళ్లిన తెలుగువారి జీవితచరిత్రలను, యాత్రారచనలను పరిశీలించే పరిశోధకులు వారు ఏ సంవత్సరంలో, ఏ హోదాతో, ఏ పత్రంతో బయలుదేరారన్న ప్రశ్నను తొలి ప్రశ్నగా స్వీకరించాలి. అప్పుడే గమ్యం చేరినవారి విజయగాథల వెనుక, దరఖాస్తు దగ్గరే ఆగిపోయినవారి చరిత్ర కూడా మన పరిశోధనలో చోటు సంపాదించుకుంటుంది.