ఓడిన ఆటలో పుట్టిన పద్ధతి

శనివారం మధ్యాహ్నాల్లో మన పిల్లలు టీవీకి అతుక్కుపోయి చూసే ఫుట్‌బాల్, మనం హైస్కూల్లో ఆడిన ఫుట్‌బాల్ కాదు. ఇందులో కాలితో పని తక్కువ. బంతి ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి పోగానే మైదానంలో ఉన్నవాళ్ళంతా బయటికి పోయి కొత్తవాళ్ళు వస్తారు. అలా ఎందుకని కొత్తగా వచ్చిన మనవాళ్ళు అడుగుతుంటారు. దానికి కారణం చాలావరకు ఫ్రిట్జ్ క్రైస్లర్. (డెట్రాయిట్ కార్ల కంపెనీకీ ఇతనికీ సంబంధం లేదు, స్పెల్లింగు కూడా వేరు.)

ఇతను 1899లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. చికాగో విశ్వవిద్యాలయానికి చదువు మీద వచ్చిన స్కాలర్‌షిప్పుతో వెళ్ళి, అక్కడ ప్రసిద్ధ కోచ్ స్టాగ్ చేతిలో పడ్డాడు. అసలు పేరు హెర్బర్ట్. మొదట్లో ఆట తడబడుతుంటే, వయొలిన్ విద్వాంసుడు ఫ్రిట్జ్ క్రైస్లర్ పేరు పెట్టి స్టాగ్ వెక్కిరించాడట. ఆ పేరే నిలిచిపోయింది. ఆటగాడు కోచ్ అయ్యాడు. మిన్నెసోటా, ప్రిన్స్‌టన్ తర్వాత 1938లో మిషిగన్ చేరాడు. అక్కడి జట్టు హెల్మెట్ మీద కనిపించే రెక్కల గుర్తు అతను తెచ్చిందే. బంతి విసిరేవాడికి తన మనుషులు దూరం నుంచి కనబడాలని దాని ఉద్దేశం.

అసలు సంగతి 1945 నాటిది. అంతకు ముందు ఎదురుదాడైనా కాపలా అయినా అదే పదకొండుమంది ఆడాలి. యుద్ధంవల్ల ఆటగాళ్ళు కరువై, 1941లో మార్పిడి నిబంధనలు సడలించారు. 1945 అక్టోబరు 13న న్యూయార్కు యాంకీ స్టేడియంలో మిషిగన్‌కు ఎదురైంది ఆర్మీ జట్టు, దేశంలోకెల్లా బలమైనది. క్రైస్లర్ దగ్గరున్నది ఎక్కువగా మొదటి సంవత్సరం కుర్రాళ్ళు. వాళ్ళు అలసిపోకుండా దాడికి కొందరినీ కాపలాకి కొందరినీ విడదీశాడు. 28-7తో ఓడిపోయాడు. అయినా ఆర్మీ కోచ్ బ్లైక్ ఆ పద్ధతిని తానూ పట్టుకున్నాడు. 1947లో మిషిగన్ ఒక్క ఆటా ఓడలేదు. 1948 జనవరి 1న రోజ్ బౌల్‌లో సదరన్ కాలిఫోర్నియాని 49-0తో ఓడించింది. క్రైస్లర్ అంతటితో కోచ్ పని మానేశాడు.

మా వైద్యవృత్తిలోనూ ఇదే జరిగింది కదా! ఊళ్ళో అన్ని రోగాలూ చూసే డాక్టరు పోయి కంటికొకరు, గుండెకొకరు వచ్చారు. నైపుణ్యం పెరిగింది, ఖర్చూ పెరిగింది. ఫుట్‌బాల్లోనూ అంతే: రెండు జట్లంటే ఆటగాళ్ళూ ఎక్కువే, దుస్తులూ ఎక్కువే. చిన్న కాలేజీలు మోయలేకపోయాయి. 1953లో ఆ పద్ధతిని ఆపేశారు. 1960ల నడుమ మళ్ళీ పూర్తిగా అనుమతించారు.

ఆ ఖర్చులు క్రైస్లర్‌కు తెలియనివి కావు. 1941 నుంచి 1968 వరకు మిషిగన్ క్రీడాశాఖ అధిపతి అతనే. కోచ్‌గా కంటే ఇక్కడే అతను ఎక్కువ కష్టపడ్డాడని మా అభిప్రాయం. 1956లో స్టేడియాన్ని 1,01,001 సీట్లకు పెంచారు. చివరి ఆ ఒక్క సీటూ క్రైస్లర్‌దేనంటారు. అది ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆన్ ఆర్బర్ వెళ్ళినప్పుడు పిల్లలు వెతుకుతామంటే వెతకనివ్వండి.