బొమ్మలు చూడ్డమా, చదవడమా?

చిన్నప్పుడు మనందరం తిన్న చివాట్లలో ఒకటుంది: "చదువుకుంటున్నావా, బొమ్మలు చూస్తున్నావా?" అని. అడిగే పెద్దవాళ్ళ లెక్కలో చదవడం వేరు, చూడడం వేరు. మొదటిది ఉద్యోగం తెచ్చిపెట్టేది, రెండోది కళ్ళజోడు తెచ్చిపెట్టేది. మరి బొమ్మల కథ ఉందే, దాన్ని చదువుతామా, చూస్తామా? దానికి సరైన మాట మనకింకా కుదరలేదు. అందుకే కాబోలు, నవలకి సమీక్ష రాసేవాళ్ళున్నారు, సినిమాకైతే వీధికి పదిమందున్నారు గాని, బొమ్మల కథని ముందు పెట్టుకుని బాగోగులు మాట్లాడేవాళ్ళు మాత్రం బహు తక్కువ.

ఈ ఆలోచన నాకెందుకొచ్చిందంటే, మా మేనకోడలు సెలవులకి గరివిడి వచ్చి, వచ్చిన దగ్గర్నుంచీ ఫోనుని బొటనవేలితో పైకి తోసుకుంటూ కూచుంది. "ఏంటే అది?" అంటే "వెబ్‌టూన్ అత్తా, కొరియా వాళ్ళది" అంది. సరే చూద్దామని పుచ్చుకున్నాను. చెప్పొద్దూ, రెండు గంటలసేపు మళ్ళీ దాని చేతికివ్వలేదు.

ఈ కొరియా బొమ్మల కథకి పేజీ లేదు. పుస్తకంలో అయితే పేజీ తిప్పగానే ఆరేడు గడులూ ఒక్కసారే కంటబడతాయి. దొంగ ఎవరో చివరి గడిలో ఉంటే, మొదటి గడి చదువుతుండగానే ఓరకంటికి ఆనేస్తాడు. ఇక్కడ ఆ వీలు లేదు. ఒక బొమ్మ కింద ఇంకో బొమ్మ, బావిలోకి చేద దింపినట్టు కిందికి కిందికి పోతూనే ఉంటుంది. నాయిక తలుపు తీస్తుంది. ఆ కింద జానెడు చీకటి, ఏమీ ఉండదు. వేలు జరిగినకొద్దీ గుండె కొట్టుకుంటుంది. ఆ ఖాళీయే కథ చెబుతుందన్నమాట. కొరియాలో నేవర్ అనే సంస్థ 2004లో వీటికంటూ ఒక చోటు పెట్టింది. 2019 చివర మన దేశంలో మొదలైన క్రాస్ కామిక్స్ అనే ఆప్ ఇంగ్లీషు, హిందీలతోబాటు తెలుగులో కూడా ఇలాంటి కథలిచ్చింది. అంతకుముందే అమెరికాలో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే ఆయన 1993లో బొమ్మల కథ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ ఒక పుస్తకం రాశారు. రాశారు అంటే గీశారు. విమర్శంతా బొమ్మల కథగానే! 2000లో వేసిన మరో పుస్తకంలో, కంప్యూటరు తెరకి కాగితంలా అంచులక్కర్లేదు గదా, ఎంత పొడుగైనా గీయొచ్చని ఊహించారు.

అంచుల్లేని పొడుగు బొమ్మ ఆయనకి కొత్త ఊహేమో గాని, చేర్యాల వాళ్ళకి కొత్తేం కాదు. తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలు చూశారా? ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. ఖద్దరు గుడ్డకి చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూస్తారు. అది ఆరాక ఎర్రటి నేల మీద వరసకింద వరసగా బొమ్మలు దించుతారు. గజాల తరబడి పొడుగుంటుంది. కథ చెప్పేవాళ్ళు దాన్ని చుట్టగా చుట్టుకుని ఊరొచ్చి, నిలువునా వేలాడదీసి, ఒక్కొక్క వరసే విప్పుతూ రాత్రుళ్ళ తరబడి కథ నడిపేవారు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ళు వేరు, ముదిరాజులకి కథ చెప్పే కాకిపడగల వాళ్ళు వేరు. ఎవరి పటం వాళ్ళది. తర్వాతి వరసలో ఏముందో విప్పేదాకా ప్రేక్షకుడికి తెలీదు. మా మేనకోడలి బొటనవేలు చేస్తున్నదీ అదే పని. కాకపోతే పక్కన పాడేవాళ్ళు లేరు, తోటి శ్రోతలు లేరు. ఒక్కత్తే కూచుని చూసుకుంటోంది.

అంతదూరం ఎందుకు, మా వైపు సీతంపేట కొండల్లో సవరలు ఇంటి గోడమీద వేసే బొమ్మలున్నాయి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో ఒక చట్రం గీసి, అందులో సన్నసన్నటి మనుషులు, చెట్లు, గుర్రాలు, ఏనుగులు నింపుతారు. వెరియర్ ఎల్విన్ వాటిని పరిశీలించి 1950లలో రాశాడు. మనకి ముచ్చటగా కనిపిస్తాయి గాని, వాళ్ళకి అది అలంకారం కాదు. పెద్దలకీ దేవతలకీ రాసిన ఉత్తరంలాంటిది, చదవవలసిందే.

ఆ సవరల భాష నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాసిపెట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారే, మనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని పోరాడినవారు కూడా. బొమ్మల కథ గురించి మాట్లాడుతూ పంతులుగారెందుకంటారా? కార్టూనులో మనిషి నోటి దగ్గర బెలూను ఉంటుందే, అందులో "ఓయీ, ఎచ్చటికేగుచుంటివి?" అని రాసి ఉంటే ఎవరైనా నవ్వుతారా? నవ్వుతారు లెండి, కార్టూనిస్టుని చూసి! వాడుకభాష లేకపోతే బెలూను లేదు. విజయనగరంలో గురజాడ వారు గిరీశం చేత మాట్లాడించి చూపించారు, పర్లాకిమిడిలో గిడుగు వారు వాదించి గెలిపించారు. ఆ తర్వాతే తెలుగు కార్టూను పుట్టింది. పుట్టించినవారూ ఈ చుట్టుపక్కల వారే. తలిశెట్టి రామారావు గారు 1906 మే 20న జయపురంలో పుట్టారు. ఇప్పుడది ఒరిస్సా గాని, 1936 దాకా విశాఖపట్నం జిల్లాయే. 1930 ప్రాంతాల నుంచి 'భారతి', ఆంధ్రపత్రిక సంచికల్లో ఆయన వ్యంగ్యచిత్రాలు వచ్చాయి. తెలుగు కార్టూనిస్టులు ఇవాళ్టికీ ఆయన పుట్టినరోజునే తమ పండగగా చేసుకుంటారు. ఆయన పేరు మన ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసు? గిరీశం తెలిసినవాళ్ళలో పదోవంతు ఉండదు.

అన్నట్టు 'చందమామ' మాట చెప్పకుండా దాటితే మీరు ఊరుకోరు. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక అట్టమీద మనం కళ్ళప్పగించి చూసిన బొమ్మల వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళం వారే. కాని అది కథకి బొమ్మ. నేననేది బొమ్మే కథైన సంగతి. ఆ దారిలో మనకున్న పెద్దపేరు బుజ్జాయి గారిది.

దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి ఆయన. అసలు పేరు సుబ్బరాయశాస్త్రి. బడి చదువు పెద్దగా లేదు. తండ్రి వెంట తిరగడమే చదువు. అంత గొప్ప మాటల మనిషి కడుపున పుట్టి, గీతనే నమ్ముకున్నారు. 'డుంబు' అనే చిన్నవాణ్ణి సృష్టించి తెలుగు పిల్లలకిచ్చారు. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని ఇంగ్లీషు బొమ్మల కథగా ఏళ్ళ తరబడి నడిపారు. బొంబాయిలో అనంత్ పాయ్ గారు అమర చిత్ర కథలు మొదలుపెట్టింది 1967లో. అంటే అంతకుముందే మన తెలుగాయన మన పాత కథల్ని గడుల్లో పెట్టి దేశానికి చూపిస్తున్నారన్నమాట. తండ్రితో గడిపిన రోజుల గురించి 'నాన్న–నేను' అని ఓ మంచి పుస్తకం రాసి, 2022లో వెళ్ళిపోయారు. బుడుగు సంగతి వేరు. ముళ్ళపూడి వారి మాటలు తీసేస్తే బాపుగారి బొమ్మ ఒక్కటే బుడుగు కాదు, బొమ్మ తీసేస్తే మాటలొక్కటే బుడుగు కాదు. అయినా మనవాళ్ళు ఆ పుస్తకాన్ని సాహిత్యం బీరువాలో పెట్టారు, డుంబుని పిల్లల అటకమీద పెట్టారు. ఈ తేడా ఎవరు చేశారో, ఎందుకు చేశారో నాకు బోధపడదు. బొమ్మ పాలు ఎక్కువైనకొద్దీ గౌరవం తగ్గుతుందేమో!

ఇక మన సంగతికి వద్దాం, అంటే ఆడవాళ్ళ సంగతికి. వారపత్రికల కార్టూన్లలో ఏళ్ళ తరబడి మనల్ని ఎలా గీశారో గుర్తుందా? చేతిలో అప్పడాల కర్ర, నోట్లో చీర బేరం. లేదంటే బాసు ఒళ్ళో టైపిస్టు. నవ్వుకున్నాం, నిజమే. నేనూ నవ్వాను. ఇప్పుడు తిరగేసి చూస్తే నవ్వొచ్చేవి కొన్నే, మిగతావి విసుగు. ఒకే జోకుని ముప్పై ఏళ్ళు ఉతికితే ఏ రంగు మిగుల్తుంది?

ఆ మగవాళ్ళ గుంపులోకి విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. రాగతి పండరి. 1965లో పుట్టింది. పోలియో కాళ్ళని కట్టేసింది గాని చేతిని ముట్టుకోలేదు. ఎనిమిదేళ్ళప్పుడే గీయడం మొదలెట్టి, జయదేవ్ గారిని గురువుగా చెప్పుకుంటూ, వేలకొద్దీ కార్టూన్లు వేసింది. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరు తెచ్చుకుంది. 'నేను.. నా కార్టూన్లు' అని తన కథ తనే చెప్పుకుంది. 2015 ఫిబ్రవరిలో, యాభై నిండకుండానే పోయింది. ఆవిణ్ణి పొగిడినవాళ్ళందరూ మొదట చెప్పేది ఆ కాళ్ళ సంగతే, తర్వాత ఆడదన్న సంగతి. గీత బాగుందా, జోకు పేలిందా, ఏ కార్టూను తేలిపోయింది, ఏది నిలబడింది అన్న మాట చిట్టచివరికి గాని రాదు. జాలితో రాసిందాన్ని సమీక్ష అనగలమా? కాళ్ళ సంగతి పక్కనపెట్టి గీత సంగతి మాట్లాడటమే కళాకారిణికి మర్యాద అని నా ఉద్దేశం.

ఇవాళ ఫోన్లో గీసే ఆడపిల్లలకి పత్రికాఫీసు గడప ఎక్కనక్కర్లేదు. ఆర్తీ పార్థసారథి 2013 నుంచి పాత మొగలాయీ చిత్రాల్లోని రాణులచేత ఈ కాలపు కష్టాలు చెప్పించింది. రాణిగారు హుక్కా పక్కన పెట్టి నిట్టూరిస్తే మనింటి మాటే వినిపిస్తుంది. రచితా తనేజా 2014లో మొదలెట్టి, పుల్లల్లాంటి మనుషుల్ని గీస్తుంది. మా మేనకోడలు "ఇదేం డ్రాయింగత్తా, నేనూ వేస్తాను" అంది. అంత తేలికపాటి గీతకే 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు నుంచి ధిక్కారం నోటీసు వచ్చింది. గీత చక్కదనం వేరు, గీత బలం వేరన్న సంగతి మా పిల్లకి అప్పుడర్థమైంది. అప్పటిదాకా దానికి బాగున్న బొమ్మే మంచి బొమ్మ.

ఆ వారం రోజులూ మేమిద్దరం చేసింది ఇలాంటి వాదనే. కొరియా కథల్లో మొగవాళ్ళందరికీ ఒకటే గెడ్డం, ఒకటే జుట్టు, షర్టు రంగుని బట్టి పోల్చుకోవాలన్నాను. "మీ చందమామలో రాజులందరికీ ఒకటే మీసం కాదా?" అంది. దాని మాట కాదనలేకపోయాను. తెలుగులోకి దించిన బెలూన్లలో మాటలు మాత్రం నాకు కొరుకుడు పడలేదు. ఏ ఊరి తెలుగూ కాదది. పంతులుగారు అంత పోరాడిందీ ఈ గాలి భాష కోసమా అనిపించింది. మా ఊరి సంతలో కూరలమ్మే అప్పలమ్మ "ఏటమ్మా, సూసెల్పోతన్నావు, కొనవేటి?" అంటుంది. ఆ ఒక్క మాట బెలూనులో పడితే పక్కన బొమ్మ సగం గీసినా చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఏకమయ్యాం. ఫోన్లో రోజూ పొద్దున్నే మనకి కార్టూన్లు వచ్చి పడుతుంటాయి గదా, వాటిలో చాలావాటికి కింద సంతకం ఉండదు. ఎవరో కత్తిరించేసి పంపుతారు. చక్కగా నవ్వుకుని మనమూ పదిమందికి పంపుతాం. గీసినవాళ్ళకి డబ్బు రాదు సరే, పేరైనా రాదు. పత్రికలో అచ్చైతే కనీసం ఆ మూల చిన్న సంతకం మిగిలేది. ఏభై ఏళ్ళ తర్వాత ఎవరైనా వెతికి పట్టుకోడానికి ఆ మాత్రం ఆనవాలుండేది. రామారావుగారు ఇవాళ మనకి దొరికారంటే పాత సంచికలు దాచినవాళ్ళ పుణ్యమే. ఫోన్ మారిస్తే, కంపెనీ మూతపడితే ఈ పిల్లల గీతలు ఏ అటకమీద దొరుకుతాయి? మా మేనకోడలు తనకి నచ్చినవన్నీ, గీసినవాళ్ళ పేర్లతో, ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలెట్టింది. పక్కన ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు. నచ్చకపోతే మూడు!

నేను మాత్రం డుంబు వెతుకులాటలో పడ్డాను. మీ ఇళ్ళల్లో పాత వారపత్రికల కట్టలుంటే, కాటాకి వేసే ముందు ఒక్కసారి దారం విప్పి చూడండి. బుజ్జాయి సంతకం కనబడితే ఆ కట్ట పక్కన పెట్టండి. పాత పేపర్లవాడిచ్చే ధరకంటే కిలోకి రెండు రూపాయలు ఎక్కువిచ్చి నేనే కొనుక్కుంటాను.