ది లిటిల్ ప్రిన్సెసెస్

బ్రిటిషు రాకుమార్తెలగు ఎలిజబెత్తు, మార్గరెట్టులకు పదునైదేండ్లకు పైగా గవర్నెసుగా నుండి ఇంటనే చదువు చెప్పిన మేరియన్ క్రాఫర్డు పేర 1950లో వెలువడిన స్మృతిగ్రంథము. స్కాట్లండున 1909లో జన్మించి, ఎడింబరో నగరపు మోరే హౌసు కళాశాలలో ఉపాధ్యాయశిక్షణ పొంది, పేదబిడ్డల నడుమ పనిచేయవలెనని తలపోసిన ఈమె, యార్కు ప్రభువు పిల్లలకు పంతులమ్మగా కుదిరి, 1936లో అన్న ఎడ్వర్డు సింహాసనము త్యజింపగా ఆ ప్రభువే ఆఱవ జార్జి యగుటతో, బకింగుహాము సౌధమునకు చేరెను. పిల్లలు ఆమెను క్రాఫీ యని పిలిచెడివారు.

గ్రంథమున రాజ్యతంత్ర ప్రసక్తి స్వల్పము. భోజనానంతరము తండ్రి యిచ్చిన చక్కెరపలుకులను పెద్దపిల్ల బల్లపై పరిమాణమునుబట్టి పేర్చుకొని తినుటయు, చిన్నది గుప్పెడును ఒకేమాఱు నోట వేసికొనుటయు, పెద్దది రాత్రివేళ పడక దిగి తన బూట్లను సరిగా అమర్చికొనుటయు, రాజైన తండ్రి ఇల్లు చేరగానే మోకాలు వంచి వందనము చేయవలెనని పంతులమ్మయే బిడ్డలకు చెప్పవలసివచ్చుటయు ఇందలి ముచ్చటలు. ఆ పిల్లలు సాధారణజనమును ఎఱుగకపోవుట కొఱతయని యెంచి ఆమె వారిని లండను భూగర్భ రైలు ఎక్కించెను, ఈతకు కొనిపోయెను. పుస్తకమునకు ప్రాణము లీ పుటలే. ఉడుపుల వర్ణనలు మాత్రము కొంత విసుగు పుట్టించును.

నెల్లూరు తీరమున చిట్టమూరువంటి యూర దీనిని చదువువారికి, రాచయిల్లనగా ముందు తోచునది వేంకటగిరి సంస్థానము. నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా 1939లో మదరాసు విశ్వవిద్యాలయము ప్రకటించిన, ఆ సంస్థానప్రభువుల చరితమగు "వెలుగోటివారి వంశావళి" యందు వెలయునవి రణవిజయములు, బిరుదములు. ఏ బాలుడు ఏ పాఠమునకు మారాము చేసెనో అట్టి ప్రశస్తులలో వెదకబనిలేదు. ఆశ్రితకవి కొలువుకూటమున నిలిచి చూచెను, క్రాఫర్డు చదువుగదిలో కూర్చుండి చూచెను. మదరాసు ప్రభుత్వము 1948 నాటి శాసనముతో జమీందారీలను రద్దుచేయుచున్న దినములలోనే, సముద్రముల కావల నొక రాచయింటి లోపలిమాట అంగడి కెక్కెను.

గ్రంథము అచ్చగుటకు పూర్వమే, 1949లో, రాకుమార్తెల తల్లియగు రాణి క్రాఫర్డుకు లేఖ వ్రాసి, రాజగృహమున మెలగినవారు నోరు మెదపరాదని హెచ్చరించియుండెను. అయినను అమెరికా పత్రిక "లేడీస్ హోమ్ జర్నల్" దానిని ధారావాహికగా ప్రకటించెను. నిందావాక్యము దాదాపు కానరాని ఆ రచన విశ్వాసఘాతముగా గణింపబడెను. కెన్సింగ్టన్ సౌధప్రాంగణమున తనకిచ్చిన కుటీరమును విడిచి ఆమె స్కాట్లండునకు మరలెను. సయాము రాజు బిడ్డలకు చదువు చెప్పి 1870లో తన స్మృతులను ప్రకటించిన అన్నా లియొనోవెన్సు, మన అహమదునగరున పుట్టినదే, కల్పనలు చేర్చెనను నింద మోసెను. క్రాఫర్డుపై మోపినది నిజము చెప్పిన నేరము. తరువాత ఆమెయు తడబడెను: 1955లో రైలు సమ్మెవలన ఆగిపోయిన రాజోత్సవ కవాతును, జరిగినట్లే ముందుగా వర్ణించిన వ్యాసము ఆమె పేర అచ్చగుటతో ఆమె పత్రికారచన ముగిసెను. 1988లో అబర్డీనున మరణించెను. ఎలిజబెత్తు బాల్యమును వ్రాసిన జీవితచరిత్రకారులు పలువురు ఈ గ్రంథమునే ఆధారముగా గ్రహించిరి.