మామయ్య స్కోరుబుక్కు

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక పొడుగాటి పుస్తకం దారంతో వేలాడుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళు పాల లెక్క అనుకుంటారు. అది క్రికెట్ స్కోరుబుక్కు. ఆడుతున్నది మా అత్తమ్మ.

కిందటేడు భాద్రపదంలో అత్తమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట... మూడూ పోయాయి. ఆస్పత్రి నుంచి హన్మకొండ వెళ్ళకుండా పుప్పాలగూడలో మా ఫ్లాటుకే తీసుకొచ్చాం. తొమ్మిది రకాల గోలీలు, రెండు పూటలా ఫిజియో, పూటపూటకీ బీపీ చూడడం. మావారు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ప్రాజెక్ట్ మేనేజరు కదా, ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో రంగురంగుల షీటు తయారుచేసి అందరి ఫోన్లకీ పంపేశారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నాలుగో రోజుకల్లా దాన్ని తెరిచేవాళ్ళు లేరు. చేతులకి చపాతీ పిండి అంటుకుని ఉంటే ఫోన్‌లో గడి వెతికి టిక్కు ఎవరు పెడతారు, మీరే చెప్పండి.

పదో రోజు రాత్రి ఎనిమిదింటికి బీపీ గోలీ నేనిచ్చాను. ఎనిమిదిన్నరకి మామయ్య కూడా ఇచ్చారు. అత్తమ్మ వద్దని తల అడ్డంగా ఊపిందట. మారాం చేస్తోందనుకుని బతిమాలి మింగించారు. పది గంటలకి ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకదు. డాక్టరుకి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. తెల్లారేసరికి గండం గడిచింది. తప్పు నీదంటే నీదని ఎవరూ అనలేదు గానీ, నేనూ మామయ్యా రెండు రోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

మూడో రోజు పొద్దున మామయ్య తన సంచిలోంచి ఖాళీ స్కోరుబుక్కు ఒకటి తీసి స్కేలుతో గీతలు కొట్టడం మొదలుపెట్టారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కాలేజీ రోజుల నుంచీ రేడియో చెవికి ఆనించుకుని బంతి బంతికీ స్కోరు రాసుకోవడం ఆయనకి అలవాటు. పెళ్ళయిన కొత్తలో నాకదంతా వింతగా ఉండేది. మర్నాడు పేపర్లో స్కోరు వస్తుంది కదా, ఇదంతా ఎందుకు రాయడం?

పేపర్లో వచ్చేది పరుగులు. మామయ్య పుస్తకంలో పరుగు రాని బంతికి కూడా చుక్క ఉంటుంది. ఓవరంతా చుక్కలే అయితే ఆ ఆరింటినీ కలిపి ఎమ్ అని గీస్తారు, మెయిడెన్ అన్నమాట. నో బాల్‌కి సున్నా, వైడ్‌కి కూడిక గుర్తు. ఏమీ జరగకపోయినా గుర్తు పడాల్సిందే. గడి ఖాళీగా ఉంటే బంతి పడలేదని అర్థం.

ఈ విద్య పాతదే. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో స్కోరర్లు కర్ర మీద కత్తితో గాట్లు పెట్టేవారట, పరుగుకో గాటు. చదవగానే నాకు మా పాలావిడ గుమ్మం పక్కన గోడ మీద గీసే బొగ్గుగీతలు గుర్తొచ్చాయి. తర్వాత పుస్తకాలొచ్చాయి. సిడ్నీలో బిల్ ఫెర్గూసన్ అనే గుమాస్తా ఉండేవాడు. క్రికెట్ జట్టుతో దేశాలు తిరగాలని ఆశ. ఆటగాడు నోబుల్ వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు, పళ్ళు చూపించుకునే మిషతో ఆయనతో పరిచయం పెంచుకున్నాడు! అలా 1905లో ఇంగ్లండ్ వెళ్ళే ఆస్ట్రేలియా జట్టుకి సామాన్లు చూసుకునేవాడుగా, స్కోరరుగా చేరి, దాదాపు యాభై ఏళ్ళు అదే పని చేశాడు. ఏ బంతి ఏ బ్యాట్స్‌మన్ ఆడాడో వరసగా రాసే పద్ధతిని, ఎటు కొట్టాడో గీసి చూపే బొమ్మని వ్యాప్తిలోకి తెచ్చినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. పెట్టెలూ లెక్కలూ ఒకే మనిషి చేతిలో ఉండడం నాకు భలే నచ్చింది. ఇల్లాలి పని కాక మరేమిటది?

కానీ మామయ్య ఆ రోజు చెప్పింది వేరే సంగతి. క్రికెట్ నిబంధనల్లో మూడోది స్కోరర్ల గురించి. స్కోరర్లు ఇద్దరుండాలి. ఇద్దరి లెక్కలూ తరచూ సరిచూసుకోవాలి. అంపైరు ఫోరనో వైడనో చెయ్యి చూపిస్తే స్కోరరు చూశానని తిరిగి సైగ చెయ్యాలి. ఆ సైగ వచ్చేదాకా అంపైరు తర్వాతి బంతి వెయ్యనివ్వకూడదు.

"మనమేం జేసినం బిడ్డా? నువ్వు చెయ్యి ఊపినవ్, నేను చూసుకోలే. అసలు ఊపినవా?"

ఊపలేదు. షీటులో టిక్కు పెడదామనుకుని మరిచిపోయాను.

మావారికి ఇది చెబితే ఆఫీసులో తాము రోజూ పెట్టుకునే స్క్రమ్ మీటింగు లాంటిదే అన్నారు. ఆ మాట కూడా ఆటల్లోంచి వచ్చిందేనట. 1986లో టకేయుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ప్రొఫెసర్లు, కొత్త వస్తువులు తయారుచేసే బృందాలని రగ్బీ జట్టుతో పోల్చి వ్యాసం రాశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ పోలికని పట్టుకున్నారు. రోజూ స్క్రమ్ చేసే మనిషికి ఇంట్లో గోలీ ఎవరిచ్చారో తెలియలేదంటే ఏమనాలి! ఆ మాట పైకి అనలేదు లెండి.

పుస్తకానికి రెండో స్కోరరు కావాలి. మా అబ్బాయి అనుకున్నాను. మామయ్య ఏమీ అనకుండా పాత పుస్తకం ఒకటి తెచ్చి 2001 మార్చి 14వ తేదీ పేజీ తీశారు. కోల్‌కతా టెస్టు నాలుగో రోజు. మనవాళ్ళు మొదటి ఇన్నింగ్స్‌లో 171కే కుప్పకూలి, 274 పరుగులు వెనకబడి, ఫాలోఆన్ ఆడుతున్నారు. మన హైదరాబాదీ లక్ష్మణ్ 109తో, ద్రావిడ్ 7తో ఆ పొద్దున ఆట మొదలుపెట్టారు. సాయంత్రానికి 275, 155. రోజంతా ఒక్క వికెట్ పడలేదు. 254 కాస్తా 589 అయింది. మర్నాడు లక్ష్మణ్ 281కి అవుటయ్యాడు, ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడిపోయింది. అదంతా అందరికీ తెలిసిందే.

నేను చూసింది చేతిరాత. పొద్దుటి ఓవర్లన్నీ గుండ్రటి, చిన్న అంకెలు. మధ్యాహ్నం నుంచి మామయ్య కోడిగీతలు. ఆ రోజు ఆయనకి బడి ఉంది. పొద్దుటి ఆటంతా అత్తమ్మ టీవీ ముందు కూర్చుని రాసిందట, ఒక్క బంతి వదలకుండా. ఇరవై ఏళ్ళుగా కోడలిని, అత్తమ్మకి స్కోరు రాయడం వచ్చని నాకు తెలియదు. టీ తెచ్చిచ్చే మనిషిగానే చూశాను.

ఇప్పుడు పద్ధతి ఇది. గోలీ ఇచ్చినవాళ్ళు "ఎనిమిదిన్నర బీపీ గోలీ" అని పైకి చెప్పాలి. అత్తమ్మ ఎడమ చెయ్యి ఎత్తాలి. ఎత్తాకే గ్లాసు అందించాలి. తను చెయ్యి ఎత్తకపోతే గోలీ వెనక్కి. మొదట్లో ఆ సంగతే నాకు కష్టంగా అనిపించింది. జబ్బు మనిషిని అడగడమేమిటని. ఆ రాత్రి తను తల అడ్డంగా ఊపింది గుర్తొచ్చినప్పుడల్లా నోరు మూసుకునేదాన్ని. ఫిజియో చెయ్యని పూటకి చుక్క పెడతాం. చుక్కలు వరసగా రెండు మూడు కనబడితే మావారు ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే అత్తమ్మని కారిడార్‌లో నడిపిస్తారు.

సంక్రాంతి దాటాక ఒక రాత్రి పడుకోబోతుంటే అత్తమ్మ ఎడమ చేత్తో మంచం కోడు మీద టకటకా కొట్టింది. నీళ్ళేమో అనుకున్నా. కాదు. పుస్తకం తెమ్మంది. వేలితో ఆ పూట ఫిజియో గడి చూపించింది. ఖాళీగా ఉంది. పక్కింటావిడతో కబుర్లలో పడి మరిచిపోయాను. పెన్ను తీసుకుని ఎడమ చేత్తో, వంకరగా, చుక్క తనే పెట్టింది.