కాందిశీకుల జీవనోపాధి – ప్రభుత్వ నిర్వచనం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: 1947-48లో నాటి నల్లగొండ జిల్లా నుంచి పట్టణాలకు తరలిన ప్రజలు స్వతంత్ర భారతదేశపు పునరావాస చట్టాల నిర్వచనంలో చేరలేదు. శరణార్థికి తిండి, గుడారం దొరకటానికి జాలి చాలు. బతుకుతెరువు దొరకాలంటే చట్టంలో చోటు ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాందిశీకులు, మునగాల పరగణా, పునరావాసం, జీవనోపాధి, నిర్వచనం.

1. ఉపోద్ఘాతం

భయంతో పారిపోయినవాడిని సంస్కృత నిఘంటువులు కాందిశీకుడు అన్నాయి. 'ఏ దిక్కుకు పోవాలి?' అన్న ప్రశ్న నుంచి ఈ మాట పుట్టిందని వ్యుత్పత్తి. అయితే దిక్కు దొరికాక రెండో ప్రశ్న ఎదురవుతుంది: అక్కడ ఏం చేసి బతకాలి? తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో దళాలు, దాడులు, బలిదానాల గురించి విస్తారంగా రాశారు. ఊరు విడిచినవారి బతుకుతెరువు మాత్రం ప్రత్యేక అధ్యయనాంశంగా అరుదుగానే కనిపిస్తుంది.

2. సరిహద్దు, వలస

సూర్యాపేట, కోదాడల మధ్యనున్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే. అయినా అది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందింది; 1959లో గాని నల్లగొండ జిల్లాలో చేరలేదు. కోదాడ నుంచి తూర్పుకు పోతే జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడ. మిర్యాలగూడ వైపు వాడపల్లి దగ్గర కృష్ణానది దాటితే పల్నాడు. ఆ విధంగా ఈ ప్రాంత ప్రజలకు పరాయి పాలన కిందనున్న భూమి ఒక పూట నడకలోనో ఒక రేవు అవతలో ఉండేది.

1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరిన తర్వాత కూడా రజాకార్ల దాడులు ఆగలేదు. దాడులకు గురైన గ్రామాల ప్రజలు సరిహద్దు దాటి కోస్తా పట్టణాలకు చేరారు. ప్రజాపోరాటానికి భయపడిన భూస్వాములు గడీలు విడిచి పట్టణాలకు పోయారు. 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం మునగాల, సూర్యాపేటల మీదుగా సాగింది. పోలీసు చర్య అనంతరం వలస దిశ మారింది. జిల్లాల్లో హింసకు గురైన ముస్లింలు హైదరాబాదు నగరాన్ని ఆశ్రయించారు. ఆ సంవత్సరాంతంలో పర్యటించిన సుందర్‌లాల్ సంఘం బాధిత జిల్లాల్లో నల్లగొండను కూడా పేర్కొన్నది. ఏడాది తిరగకముందే ఒకే నేల నుంచి భిన్న వర్గాలు భిన్న కారణాలతో కాందిశీకులయ్యాయి.

3. సరిహద్దు దాటితే విలువ తగ్గిన ఆస్తులు

ఈ వలసలో భాష మారలేదు. తెలుగువారు తెలుగువారి మధ్యకే వెళ్లారు. అయినా వారు వెంట తెచ్చుకున్నవి కొత్తచోట అదే విలువతో నిలవలేదు. మొదటిది రూపాయి. నిజాం హాలీ సిక్కా వేరు, బ్రిటిషిండియా కల్దార్ వేరు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. రెండోది చదువు. హైదరాబాదు రాజ్యంలో పాలన, ఉన్నత విద్య ఉర్దూలో సాగేవి. ఉర్దూ దస్తావేజులలో ఆరితేరిన వకీలుకు, గుమాస్తాకు విజయవాడ కచేరీలో ఆ నైపుణ్యం అక్కరకు రాదు. మూడోది వ్యవసాయం. విత్తే అదను తప్పిన రైతుకు ఏడాది పంట పోయినట్లే. పట్టణంలో అతని చేతికి దొరికేది కూలిపని మాత్రమే. శరణార్థికి ఆకలి ఒక్కటే సమస్య కాదు, అతని నైపుణ్యం చెల్లని నాణెం కావటం అంతకంటే లోతైన సమస్య.

4. చట్టం గుర్తించినవారు, గుర్తించనివారు

కేంద్రంలో పునరావాస మంత్రిత్వశాఖ 1947 సెప్టెంబరులో ఏర్పడింది. నీలోఖేరి, ఫరీదాబాదు వంటి చోట్ల శరణార్థులకు ఇళ్లతోపాటు పనులు, వృత్తిశిక్షణ, సహకార సంఘాలు కల్పించారు. వ్యాపారాలకు, పరిశ్రమలకు అప్పులిచ్చేందుకు 1948లో పునరావాస ఆర్థిక సహాయ చట్టం వచ్చింది. జీవనోపాధి దృష్టితో చూస్తే ఇవి గొప్ప ప్రయోగాలే. కానీ ఈ విధానమంతా దేశవిభజన వల్ల నిర్వాసితులైనవారిని ఉద్దేశించింది. 1954 నాటి నష్టపరిహార చట్టం నిర్వచనం ప్రకారం నిర్వాసితుడంటే 1947 మార్చి 1 తర్వాత పశ్చిమ పాకిస్తాను ప్రాంతం నుంచి వచ్చినవాడు. సూర్యాపేట నుంచి విజయవాడకు చేరినవాడు గాని, పల్లె నుంచి హైదరాబాదుకు చేరిన ముస్లిం గాని ఈ నిర్వచనంలోకి రారు. వారు పోగొట్టుకున్నది తక్కువ కాదు. వారు దాటిన సరిహద్దు వేరు.

దీనికి భిన్నమైన ఉదాహరణ బర్మా తెలుగువారిది. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేయటంతో తిరిగివచ్చినవారిని ప్రభుత్వం ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. బర్మా, సిలోన్‌ల నుంచి వచ్చినవారి కోసం 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు ఏర్పడింది. కేంద్రంతోపాటు ఆంధ్రప్రదేశ్ సహా దక్షిణాది రాష్ట్రాలు అందులో వాటాదారులు. గుర్తింపు వచ్చింది కనుక పరపతి వచ్చింది.

5. నేటి ప్రాసంగికత

నేడు హైదరాబాదు బాలాపూర్ పరిసరాల్లో నివసిస్తున్న రోహింగ్యాల స్థితి ఈ చర్చను మళ్లీ ముందుకు తెస్తున్నది. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు గుర్తింపును సూచిస్తుందే తప్ప పనిచేసే హక్కును ఇవ్వదు. అందువల్ల వారికి మిగిలేది చెత్త ఏరటం, అడ్డా కూలి వంటి పనులే. పౌరసత్వం ఉన్న 1948 నాటి కాందిశీకులనూ, అది లేని వీరినీ ఒకే గాటన కట్టలేం. అయినా ఇద్దరి విషయంలోనూ ఉపాధికి అడ్డుపడ్డది నిర్వచనమే.

6. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, సహాయానికి కొలమానం దాటిన సరిహద్దు కాక పోగొట్టుకున్న జీవనాధారం కావాలి. రెండు, శరణార్థి నైపుణ్యాన్ని కొత్తచోట చెల్లేలా చేసే ధ్రువీకరణ, శిక్షణ అవసరం. మూడు, దానధర్మాలకంటే సంస్థాగత పరపతి మేలు. కుటుంబ జ్ఞాపకాల్లో మిగిలిన 1948 నాటి బతుకుతెరువు కథలను ఈ మూడు పట్టణాల కళాశాలల పరిశోధకులు మౌఖిక చరిత్రగా సేకరిస్తే ఈ చర్చకు స్థానిక ఆధారాలు సమకూరుతాయి. వాటిని చెప్పగలిగిన తరం వేగంగా తరిగిపోతున్నది.