బంద్ చెయ్‌రా!

శనివారం రాత్రి పదిన్నర. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారు. బయట కుండపోత. ర్యాంపు మీంచి వాన నీళ్లు పాయలు పాయలుగా దిగి ఇనప జాలీలోకి దూకుతున్నాయి. తడి సిమెంటు వాసన, పాత ఇంజనాయిలు వాసన కలగలిసిపోయాయి. లిఫ్టు పక్కన ట్యూబులైటు ఆరుతూ వెలుగుతోంది. దాని కింద ఇరవై రెండేళ్ల కుర్రాడు గొంతుక్కూర్చుని తన డ్యూక్ 390 చెయినును వేలితో తడిమాడు. వేలికి ఎర్రగా తుప్పంటింది. తెల్లారి అయిదింటికి స్నేహితులు గేటు ముందు ఉంటారు. అనంతగిరి కొండలకు ప్రయాణం. ఈ చెయినుతో వెళ్లడమా?

మూలనున్న అట్టపెట్టె విప్పాడు. నల్ల రంగు పూసిన ఇనప గొట్టాలు, రెండు చిన్న చక్రాలు, రెండు కొక్కేలు, పొడుగాటి హ్యాండిల్. ప్యాడాక్ స్టాండు. రేసింగ్ ట్రాకుల్లో టీములు బళ్లు విప్పి బిగించుకునే చోట పుట్టిన సామాను ఇప్పుడు ఇళ్ల సెల్లార్లలోకి దిగింది. దిగక తప్పలేదు. 2013లో మన రోడ్ల మీదికొచ్చిన ఈ బండికి, దీనిలాంటి స్పోర్ట్స్ బళ్లు చాలావాటికి సెంటర్ స్టాండు ఉండదు. మలుపులో బాగా వంచినప్పుడు కింద ఏదీ రోడ్డుకు రాసుకోకూడదని, ఓ రెండు కిలోల బరువైనా తగ్గాలని దాన్ని తీసేశారు. మరి వెనక చక్రం గాల్లోకి లేవాలంటే? ఈ ఇనప కొక్కేలే దిక్కు.

స్వింగార్మ్‌కు రెండు పక్కలా చిన్న గిలకల్లాంటివి బిగించి ఉన్నాయి. స్పూల్స్ అంటారు. బండిని బట్టి వాటి బోల్టు 6 మిల్లీమీటర్లో, 8 మిల్లీమీటర్లో, 10 మిల్లీమీటర్లో ఉంటుంది. దీనివి 10. కుర్రాడు సైడ్ స్టాండు పైకి తన్నాడు. ఎడమ చేత్తో సీటు వెనక పట్టుకుని బండిని నిటారుగా నిలిపాడు. కుడి చేత్తో స్టాండును చక్రం వెనక్కి తోశాడు. ఎడమ కొక్కెం స్పూలు కింద కూర్చుంది. కుడిది కూర్చుందో లేదో వంగి చూడలేదు. హ్యాండిల్ కిందికి నొక్కాడు.

కుడిది కూర్చోలేదు.

నూట అరవై కిలోల పైచిలుకు బండి ఒక పక్క మాత్రమే లేచి, ఒక్క క్షణం అలాగే ఆగి, మెల్లగా కుడి వైపుకి వాలడం మొదలుపెట్టింది. అతను స్టాండు వదిలేసి రెండు చేతులతో సీటు పట్టుకుని, తొడ అడ్డం పెట్టి, తడి చెప్పులు జారుతుంటే పళ్లు బిగించి, గోడకూ బండికీ మధ్య నలగకుండా దాన్ని అంగుళం అంగుళం వెనక్కి లాగి నిలబెట్టేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. సైడ్ స్టాండు దించాడు. ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు కనిపించింది కాళ్ల కింద నేల. జాలీ వైపుకి వాలుగా ఉంది.

బండిని లిఫ్టు ముందు చదునైన చోటికి తోసుకెళ్లాడు. ముందు చక్రం కదలకుండా బ్రేకు లివరును రబ్బరు తాడుతో హ్యాండిల్‌బారుకి బిగించి కట్టాడు. సైడ్ స్టాండు పైకి మడిచాడు. ఈసారి తొందరపడలేదు. ఎడమ కొక్కెం చూశాడు. కుడి కొక్కెం చూశాడు. మళ్లీ ఎడమది చూశాడు. నిదానంగా నొక్కాడు. టక్! చక్రం గాల్లో ఉంది. వేలితో తోస్తే గిర్రున తిరిగింది. ఆ ఒక్క శబ్దంతో ఇందాకటి భయమంతా ఎగిరిపోయింది. పోకుండా ఉంటే బాగుండేది.

బ్రష్షు తీశాడు. క్లీనరు కొట్టాడు. కాస్త తోమడం, చక్రం తిప్పడం, మళ్లీ తోమడం. నల్లటి జిడ్డు చుక్కలు పేపరు మీద రాలుతున్నాయి. పావుగంట గడిచినా సగం చెయిను కూడా కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది టీవీలో చూసిన దృశ్యం. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కి మోటోజీపీ వచ్చింది. గ్యారేజీల్లో బళ్లన్నీ ఇలాంటి స్టాండ్ల మీదే. ఇంజను ఉరుముతుంటే వెనక చక్రం దానంతటదే తిరిగేది. మనమెందుకు చేత్తో తిప్పడం?

తాళం తిప్పాడు. స్టార్టు నొక్కాడు. సెల్లారు దద్దరిల్లింది. క్లచ్ పట్టి ఫస్టు గేరు వేశాడు. మామూలుగా అయితే సైడ్ స్టాండు కింద ఉండగా గేరు వేస్తే ఇంజను దానంతటదే ఆగిపోతుంది. అది ఆ బండిలో ఉన్న కాపలా. కానీ ఇప్పుడు సైడ్ స్టాండు పైకి మడిచి ఉంది. కాపలా లేదు. క్లచ్ వదిలాడు. చక్రం తిరిగింది. చెయిను పారింది. గ్యారేజీల్లో ఆ మెకానిక్కులెవరూ తిరిగే చెయిను దగ్గర చెయ్యి పెట్టరన్న సంగతి టీవీలో చూసినవాడికి తట్టలేదు. పాత బనీను గుడ్డ మడతపెట్టి, కింది వరస మీదికి చెయ్యి చాపాడు.

సరిగ్గా అప్పుడే బోరు మోటారు ఆపడానికి మామ మెట్లు దిగుతున్నాడు. మేనమామ. ఆర్టీసీ డిపోలో బస్సుల కింద పడుకుని పని చేసి రిటైరైన మనిషి. చివరి మెట్టు మీద ఆగాడు. తిరుగుతున్న చక్రం చూశాడు. చెయ్యి చూశాడు.

"బంద్ చెయ్‌రా!"

కేక వినబడింది. అంతలోనే గుడ్డ చివర ఒక లింకు పట్టేసింది. సర్రున లాగింది. కుర్రాడి చెయ్యి గుడ్డతో పాటు వెనక్కి పోయింది. పళ్ల చక్రం జానెడు దూరంలో ఉంది.

వేళ్లు విడిపోయాయి. గుడ్డ గట్టిగా చుట్టుకుని లేదు కాబట్టి విడిపోయాయి. లోపలికి పోయిన బనీను పళ్లకూ చెయినుకూ మధ్య నలిగింది. మామ ఒక్క అంగలో వచ్చి ఎర్ర స్విచ్చు నొక్కాడు. ఇంజను ఆగింది. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. ఇద్దరూ ఆ చేతినే చూస్తున్నారు. అయిదు వేళ్లూ ఉన్నాయి.

ఆక్సిలరేటరు ముట్టుకోకపోయినా, ఫస్టు గేరులోనే ఆ చెయిను సెకనుకు దాదాపు యాభై లింకుల లెక్కన పళ్లలోకి దిగుతుంది. అయ్యో అనే లోపే పని అయిపోతుంది. వెనక ఇంజను తోస్తోంది కనుక వేలు అడ్డొచ్చినా చక్రం ఆగదు.

"చెయిన్ సాఫ్ చేస్తున్న మామా." గొంతు వణికింది.

"ఇట్లనా చేసేది? డిపోల జాకీ లేపినంక కూడ కింద చెక్క దిమ్మె పెట్టందే బస్సు కిందికి పోనియ్యకుండె మమ్ముల. లేపిన బండి అంటేనే భయముండాలె. నువ్వేమో ఇంజన్ చాలు చేసి చెయ్యి పెడ్తున్నవ్."

తిట్టాడు కానీ వెళ్లలేదు. లుంగీ పైకి కట్టి కింద కూర్చున్నాడు. ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. గేరు న్యూట్రలు చేయించాడు. చక్రాన్ని వెనక్కి తిప్పమన్నాడు. నలిగిన గుడ్డ పేలికలుగా బయటికొచ్చింది.

"గిట్లనే తిప్పు, ఎనకకు. ముందుకు తిప్పితే కింది చెయిన్ పండ్లలకు పోతది, నీ చెయ్యిని గుంజుకపోతది. ఎనకకు తిప్పితే పండ్లల్లకెల్లి బయటికొస్తది. సమజైందా?"

డబ్బా వాసన చూశాడు. "పెట్రోల్ గిట్ల పొయ్యలేదు గద?"

"లేదు మామా. చెయిన్ క్లీనరే."

మంచి పని చేశాడు. ఆ చెయినులో పలకల మధ్య సన్నటి రబ్బరు రింగులు ఉంటాయి. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజును అవే లోపల ఆపుతాయి. పెట్రోలు తగిలితే రబ్బరు పాడవుతుంది. గ్రీజు పోతుంది. ఆ తర్వాత పైపైన ఎంత నూనె పోసినా చెయిను బతకదు.

తుడిచారు. ఆరనిచ్చారు. కింది వరస లోపలి వైపు, రోలర్ల మీద పడేలా కుర్రాడు నూనె సన్నగా కొడుతుంటే మామ చక్రం తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. వేలితో చెయినును పైకెత్తాడు. ఇంకాస్త తిప్పి మళ్లీ ఎత్తాడు. ఒకచోట వదులు. ఒకచోట బిగువు. చక్రం నేల మీదుంటే ఈ తేడా అంత తేలిగ్గా తెలియదు.

"లూజు చూస్తే ఈ బిగువున్న కాడనే చూడాలె. వదులున్న కాడ చూసి బిగిస్తివా, బేరింగులు పోతయ్."

పన్నెండు కావస్తోంది. వాన తెరిపిచ్చింది. కుర్రాడు బ్రేకుకి కట్టిన తాడు విప్పాడు. వెనక్కి వెళ్లి స్టాండు హ్యాండిల్ పట్టుకున్నాడు. పైకి లేపబోయాడు.

"ఆగు."

ఆగాడు. హ్యాండిల్ నేలకు బెత్తెడు ఎత్తులో ఉంది. మామ ఏం మాట్లాడకుండా బండి ఎడమ పక్కకు వేలు చూపించాడు. సైడ్ స్టాండు ఇంకా పైకి మడిచే ఉంది. అలాగే దించితే చక్రం నేలను తాకిన మరుక్షణం బండి ఏ వైపు పడాలో అదే నిర్ణయించుకునేది. కుర్రాడు హ్యాండిల్ మళ్లీ నేలకు ఆనించాడు. ముందుకొచ్చి సైడ్ స్టాండు దించాడు. అది చివరిదాకా వచ్చిందో లేదో కాలితో తోసి చూశాడు. అప్పుడు ఎడమ చేత్తో సీటు పట్టుకుని, కుడి చేత్తో హ్యాండిల్ లేపాడు. బండి దిగి ఎడమకు ఒరిగి నిలబడింది.

"ముందు చక్రానికి గూడ ఒక స్టాండ్ దొరుకుతది మామా. తెప్పిద్దామా?"

"తెప్పియ్. కానీ ఎనకది ఎక్కినంకనే ముందుది. ఎనక ఆధారం లేకుంట ముందుది లేపినవనుకో, పట్టుకునేటందుకు నేనుండ ఈడ."